నాణేలను చదివిన ఉద్యోగి – జేమ్స్ ప్రిన్సెప్

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షను సవరణల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారనీ, నాకు తెలిసిందల్లా పాత నాణేల సంగతేననీ మనవి చేసుకున్నాను. అయితే అదే రాయమన్నారు. అందుకని, ఈ విద్యలో నేను మనసులో గురువుగా పెట్టుకున్న ఒక మహనీయుని జీవితం గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. ఆయన పేరు జేమ్స్ ప్రిన్సెప్. మనలాగే ఉద్యోగి. మనకూ ఆయనకూ తేడా ఒక్కటే: మనం పదవీ విరమణ చేశాం, ఆయనకు ఆ భాగ్యం దక్కలేదు.

నాకు ఈ పిచ్చి పట్టింది కృష్ణా జిల్లాలో ఒక సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో. అక్కడి షరాబు గారు రూపాయి బిళ్లను బల్ల మీద మోగించి, మోత విని, మంచిదో చెల్లనిదో చెప్పేసేవారు. అనుమానమొస్తే అంచు తడిమేవారు, తూకం వేసేవారు. ముందు చెవి, తర్వాత వేలు, ఆ తర్వాత త్రాసు, చివరికి కన్ను అని ఆయన నేర్పిన వరస. కన్ను తొందరపడుతుంది, చూడాలనుకున్నదాన్నే చూస్తుంది కనుక దాన్ని చివరికి ఉంచాలని ఆయన ఉద్దేశం. ఈ వరస తప్పినందుకు నావల్ల ఒక మిత్రునికి నష్టం జరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ప్రిన్సెప్ 1799 ఆగస్టు 20న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి జాన్ ప్రిన్సెప్ చేతిలో చిల్లిగవ్వ లేకుండా 1771లో మన దేశానికి వచ్చి, నీలిమందు వ్యాపారంలో బాగా గడించి తిరిగి వెళ్లినవాడు. ఆయన కుమారుల్లో జేమ్స్ ఏడోవాడు. చిన్ననాటి నుంచి బొమ్మలు గీయడంలోనూ, చేతిపనిలోనూ దిట్ట. వాస్తుశిల్పి కావాలని ప్యూజిన్ అనే పేరున్న శిల్పి దగ్గర శిష్యరికం చేశాడు. ఇంతలో కంటిజబ్బు వచ్చి చూపు మందగించింది. రేయింబవళ్లు నక్షాలు గీయవలసిన ఆ వృత్తిని వదులుకోక తప్పలేదు. కళ్లు పనికిరావని ఒక వృత్తికి దూరమైన కుర్రవాడు, పెద్దయ్యాక వందల ఏళ్లుగా ఎవరికీ కొరుకుడుపడని అక్షరాలను చదవడం విధి చిత్రమే.

భారతదేశంలోని టంకశాలల్లో లోహపరీక్ష చేసే ఉద్యోగాలు ఉన్నాయని తండ్రికి తెలిసింది. జేమ్స్ రసాయనశాస్త్రం చదివి, లండను టంకశాలలో బింగ్లీ అనే పరీక్షాధికారి దగ్గర పని నేర్చుకున్నాడు. 1819 సెప్టెంబరు 15న కలకత్తా రేవులో దిగాడు. అప్పటికి వయసు 20 ఏళ్లు. అక్కడి టంకశాలలో పై అధికారి హోరేస్ హేమన్ విల్సన్, గొప్ప సంస్కృత పండితుడు. ఏడాది తిరగకుండానే ప్రిన్సెప్‌ను కాశీ టంకశాలకు పరీక్షాధికారిగా పంపారు.

ఈ ఉద్యోగంలో చేసే పని ఏమిటో కొంచెం చెప్పాలి. నాణెంలో ఎంత వెండి ఉంది, ఎంత రాగి కలిసింది అని తేల్చాలి. నాణెం నుంచి చిన్న ముక్క తీసి, కచ్చితంగా తూచి, దానికి సీసం చేర్చి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాస్తారు. ఆ వేడికి సీసమూ, రాగీ భస్మమై ఆ బూడిదలోకి ఇంకిపోతాయి. చివరికి మూసలో మెరుస్తూ ఒక వెండి పూస మిగులుతుంది. దాన్ని మళ్లీ తూచి, మొదటి తూకంతో పోల్చితే వెండి పాలు ఎంతో తెలుస్తుంది. మన కంసాలులు పుటం వేయడం అన్నది ఇటువంటిదే. ఇందులో రెండు చిక్కులున్నాయి. కొలిమి వేడి సరిగ్గా ఉండాలి, త్రాసు అబద్ధమాడకూడదు.

ప్రిన్సెప్ ఈ రెండింటినీ పట్టుకున్నాడు. బంగారం, వెండి, ప్లాటినం వేర్వేరు పాళ్లలో కలిపి, ఏ పాళ్లకు ఎంత వేడిలో కరుగుతుందో చూసి, దాన్నిబట్టి కొలిమి వేడిని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పరిశోధన 1828లో లండనులో అచ్చయి, ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వం తెచ్చిపెట్టింది. ఒక గ్రెయినులో మూడువేలవ వంతుకు కూడా కదిలే త్రాసును తయారుచేశాడు. గ్రెయిను అంటే 65 మిల్లీగ్రాములు. అందులో మూడువేలవ వంతంటే ఎంత సూక్ష్మమో ఆలోచించండి!

కాశీలో ఆయన పదేళ్లు ఉన్నాడు. నగరం మొత్తం కొలిచి పటం గీశాడు, జనాభా లెక్క తీశాడు. నిలవ నీటితో జబ్బులకు మూలమైన చెరువులనుంచి నీరు పోవడానికి భూమి కింద సొరంగం వేయించాడు. కర్మనాశ నది మీద రాతి వంతెన కట్టించాడు. గంగ ఒడ్డున ఔరంగజేబు మసీదు మినార్లు ఒరిగిపోతుంటే మరమ్మతు చేయించాడు. ఘాట్ల బొమ్మలు స్వయంగా గీసి అచ్చు వేయించాడు. 1830లో కాశీ టంకశాలను మూసేయడంతో కలకత్తాకు బదిలీ అయ్యాడు. మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరింది ఆ 1830లోనే. వారు చూసిన కాశీ, ప్రిన్సెప్ కొలిచి బొమ్మలు గీసిన కాశీ ఒక్కటే.

ఇక రూపాయి కథ. ఆనాడు బెంగాలులో చెలామణి అయిన సిక్కా రూపాయి చేతికిస్తే మనలో ఎవరమైనా మోసపోతాం. దానిమీద పారసీ లిపిలో మొగలు పాదుషా షా ఆలం పేరు, ఆయన ఏలుబడిలో 19వ సంవత్సరం, ముర్షిదాబాదు టంకశాల అని ఉంటుంది. షా ఆలం 1806లో చనిపోయాడు. ఆయన పోయాక కూడా, ఆ పేరుతోనే, ఆ 19వ ఏడుతోనే, కంపెనీవారు కలకత్తాలో నాణేలు వేశారు. అంటే నాణెం మంచిదే, వెండి మంచిదే, దానిమీద రాసిన పేరూ, ఏడూ, ఊరూ మాత్రం వాస్తవం కాదు. ఇందుకు కారణం మన షరాబుల వట్టమే. ఏడు మారినకొద్దీ పాత రూపాయికి వట్టం పట్టేవారు. అందరి చేతిలో ఒకే ఏడు ఉన్న రూపాయి ఉంటే ఆ బాధ ఉండదని కంపెనీవారు ఏడును అక్కడే నిలిపివేశారు. కాబట్టి పాత నాణెం మీద ఉన్న సంవత్సరమే అది తయారైన సంవత్సరం అనుకోకూడదు. ఈ విద్యలో ఇది మొదటి పాఠం. ప్రిన్సెప్ ఇటువంటి నాణేల తూకాలు, వెండి పాళ్లు, గుర్తులు అన్నీ పట్టికలుగా తయారుచేసి అచ్చువేయించాడు.

1832లో విల్సన్ ఆక్స్‌ఫర్డుకు సంస్కృతాచార్యుడిగా వెళ్లగా, ఆయన స్థానంలో ప్రిన్సెప్ కలకత్తా టంకశాల పరీక్షాధికారి అయ్యాడు. దేశమంతటా ఒకే తూకం, ఒకే రూపాయి ఉండాలని గట్టిగా వాదించాడు. తులం 180 గ్రెయిన్లు, శేరు 80 తులాలు, మణుగు 40 శేర్లు అన్న లెక్క 1833లో బెంగాలులో ఖాయమైంది. 1835లో కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది. దాని బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. మన అమ్మమ్మలు రూపాయి ఎత్తు అని తూచిన తూకం అదే.

ఇదంతా ఆయన ఉద్యోగ ధర్మం. ఉద్యోగం ముగిశాక చేసిన పని మరొకటి. 1832 నుంచి ఆసియాటిక్ సొసైటీకి కార్యదర్శి, దాని పత్రికకు సంపాదకుడు. పాత నాణేలు, శాసనాల నకళ్లు ఎవరికి దొరికినా పంపమని కోరాడు. పంజాబు నుంచి, కాబూలు వైపు నుంచి, గుజరాతు నుంచి నాణేలు రాసాగాయి. ఆఫ్ఘనిస్థానంలో తిరుగుతూ వేలకొద్దీ నాణేలు సేకరించిన చార్లెస్ మాసన్ తన పరిశీలనలు పంపేవాడు. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అనే యువ సైనికాధికారి ఆయనకు ఆప్తుడయ్యాడు. వచ్చిన ప్రతి నాణేన్నీ ప్రిన్సెప్ తూచి, రెండు ముఖాలూ తన చేత్తో గీసి, అచ్చుపలకలు తానే చెక్కి ప్రచురించేవాడు.

వాటిలో కొన్ని గ్రీకు రాజుల నాణేలు. అలెగ్జాండరు తర్వాత మన వాయవ్య దిక్కున ఏలినవారివి. ఒకవైపు గ్రీకు లిపి, రెండోవైపు తెలియని లిపి. ఒకే నాణెం మీద ఒకే రాజు పేరు రెండు భాషల్లో ఉండి తీరాలి కదా! గ్రీకులో మినాండరు అని ఉన్న చోటికి ఎదురుగా ఉన్న అక్షరాలు ఏమై ఉంటాయి? మాసన్ ఈ దారి చూపగా, ప్రిన్సెప్ మరెన్నో అక్షరాలు తేల్చాడు. అది ఖరోష్ఠీ లిపి. ఇక ఢిల్లీ, అలహాబాదు స్తంభాల మీద ఉన్న లిపి వేరు. దాన్ని అప్పటికి చదవగలిగినవారు ఎవరూ లేరు. అగాథోక్లీస్ అనే గ్రీకు రాజు నాణెం మీద ఒకవైపు గ్రీకు, మరోవైపు ఆ స్తంభాల లిపే ఉంది. 1836లో లాసెన్ అనే నార్వే దేశపు పండితుడు దాని ఆధారంగా కొన్ని అక్షరాలు గుర్తుపట్టాడు. 1837లో సాంచీ స్తూపం ప్రాకారం మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు ప్రిన్సెప్‌కు అందాయి. అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. గుడికి స్తంభమో, రాయో ఇచ్చినవారు చివర ఏమని రాయిస్తారు? దానం అనే. మన ఊరి గుడిలో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించుకోవడం వంటిదే ఇది! ఆ మాటతో ద, న అక్షరాలు, అనుస్వారం తెలిశాయి. మిగతావి కొద్ది వారాల్లో విడిపోయాయి. కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితులు అర్థాలు చెప్పడంలో తోడ్పడ్డారు. మన తెలుగు లిపికి కూడా తల్లి అయిన బ్రాహ్మీ లిపి అలా తిరిగి నోరు విప్పింది.

చదివితే ప్రియదర్శి అనే రాజు పేరు వచ్చింది. ఎవరీ రాజు? సింహళ రాజై ఉంటాడని ప్రిన్సెప్ అనుకున్నాడు, తన పత్రికలోనే అచ్చు వేశాడు. అది తప్పు. సింహళంలో ఉద్యోగం చేస్తున్న జార్జి టర్నర్, అక్కడి పాళీ గ్రంథం చూసి, ప్రియదర్శి అంటే అశోకుడేనని తెలియజేశాడు. ప్రిన్సెప్ తన పొరపాటును దాచుకోలేదు, సాగదీయలేదు. అదే పత్రికలో దిద్దుకుని, ఘనత టర్నరుకు ఇచ్చాడు. 1838లో గిర్నార్ శాసనంలో అంతియోకు, టాలమీ అనే గ్రీకు రాజుల పేర్లు పట్టుకుని అశోకుని కాలాన్ని నిలబెట్టాడు. తర్వాత 1915లో అప్పటి నిజాం రాజ్యంలోని మస్కిలో అశోకుడు అన్న పేరే ఉన్న శాసనం దొరికి ఆ మాట రుజువైంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలనూ, కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల మీది పేర్లనూ ఈనాడు చదవగలుగుతున్నామంటే ఆ తాళంచెవి వల్లనే.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. మా సెక్షన్లో నాకు సీనియర్ ఒకాయన, నన్ను తమ్ముడిలా చూసుకున్నవారు, రిటైరయ్యాక ఒకనాడు ఒక రాగి బిళ్ల పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, మరోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ పేరు, అణాల విలువ, 1818 సంవత్సరం. చూసి చెప్పమన్నారు. కంపెనీవారు మద్రాసులో వేసిన బంగారు వరహాల మీద స్వామి బొమ్మ ఉంటుందని నాకు తెలుసు. ఆ సగం తెలివితో, పైగా ఆయన ముఖంలో సంతోషం చూసి, తూకమైనా వేయకుండా, పాతదిలాగే ఉందండీ అనేశాను. ఆయన నాణెం కోసం రాలేదు. ఆ బిళ్ల బియ్యపు గింజలను లాగుతుందనీ, విదేశాల్లో దానికి కోట్లు ఇస్తారనీ నమ్మించినవారికి డబ్బు కట్టవచ్చునా అని తేల్చుకోవడానికి వచ్చారు. నా మాట పట్టుకుని కమ్యుటేషను సొమ్ములో సగానికి పైగా కట్టేశారు.

నెల తర్వాత ఆ బిళ్లను సరిగ్గా చూశాను. అచ్చు కొట్టిన నాణెం కాదు, మూసలో పోసినది. అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో రాసిన జాడ. అక్షరాల మూలలు మొద్దుబారి, మైదానమంతా సూదిమొనంత గుంటలు. కంపెనీవారు అటువంటి రాగి అణా ఏనాడూ వేయలేదు. 1616, 1717, 1818 అని చూడముచ్చటైన సంవత్సరాలతో అటువంటివి తయారుచేసి అమ్ముతున్నారు. బియ్యం గింజలకు ఇనుప రజను పట్టించి, లోపల అయస్కాంతం పెట్టి చూపించే గారడీ అది. నిజం తెలిశాక కూడా వెళ్లి చెప్పడానికి నాకు మరో వారం పట్టింది. ఆ వారంలోనే ఆయన ఇంకో వాయిదా కట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన ఇప్పుడు లేరు. వారి శ్రీమతిగారిని, మా వదినగారిని, అడిగి, పేరు లేకుండా రాస్తున్నాను. ఇంకొకరికి పనికొస్తే రాయమన్నారు ఆవిడ. పొరబడటం ప్రిన్సెప్ కూడా చేశాడు. దిద్దుకోవడంలో జాప్యం చేయలేదు. నేను నేర్చుకోవలసింది అది.

ప్రిన్సెప్ 1835లో హారియట్ ఆబర్ట్‌ను వివాహమాడాడు. 1837లో ఒక ఆడపిల్ల పుట్టింది. కాని పగలు టంకశాల, మిగిలిన వేళంతా శాసనాలు, నాణేలు, పత్రిక. శరీరం ఎంతకని ఓర్చుకుంటుంది? 1838లో విడవని తలనొప్పి మొదలైంది. ఆ ఏడు అక్టోబరు ఆఖరున ఓడ ఎక్కించి ఇంగ్లండుకు తీసుకుపోయారు. అప్పటికే మెదడు దెబ్బతింది. అన్ని లిపులు చదివిన మనిషి మరి కోలుకోలేదు. 1840 ఏప్రిల్ 22న లండనులో సోదరి ఇంట్లో కన్నుమూశాడు. నలభై ఒకటో ఏడు ఇంకా నిండలేదు. ఆయన నాణేలు 1847లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

కాశీయాత్ర ముగించుకుని నేనూ మా ఇంటావిడా కలకత్తా మీదుగా వచ్చినప్పుడు, హుగ్లీ ఒడ్డున 1843లో ఆయన పేరిట కట్టిన ప్రిన్సెప్ ఘాట్ చూశాం. తెల్లని స్తంభాల మంటపం. పడుచువాళ్లు ఫొటోలు దిగుతున్నారు. అంత చేసినవాడు ఒక్క నెల పెన్షను తీసుకోలేదే అనిపించింది. మనకు దేవుడు ఇచ్చిన ఈ ఖాళీ కాలం ఎంత విలువైనదో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

చివరగా సభ్యులకు నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను. ఇంట్లో పాత నాణేలు ఉంటే చింతపండుతోనో, పౌడరుతోనో తోమకండి. తోమిన నాణెం విలువ పోతుంది. తూకం వేయండి, అంచు చూడండి, తర్వాతే బొమ్మ చూడండి. విదేశీ నాణెమైతే రాజు బొమ్మ కన్నా చుట్టూ ఉన్న అక్షరాలూ, విలువా, సంవత్సరమూ ముందు కాగితం మీద రాసుకోండి. అచ్చయిన కేటలాగులో వెతకడానికి అవే ఆధారం. పొలంలో నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుగారికి తెలియపరచాలని ట్రెజరీలో పనిచేసిన మనకు తెలియనిది కాదు. ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. లాగేది మన పెన్షనునే.

నెలవారీ సమావేశానికి నేను చిన్న త్రాసు, భూతద్దం తెస్తున్నాను. ఎవరు ఏది తెచ్చినా ముందు తూచి, తర్వాతే మాట్లాడతాను. తెలిస్తే తెలుసంటాను, తెలియకపోతే తెలియదంటాను, ఎవరి మనసు నొచ్చుకున్నా సరే. మా సీనియర్ గారికి నేను తీర్చుకోగలిగిన రుణం ఇంతే.